'ట్విన్ స్పైకా': రోబోలు లేవు, లేజర్లు లేవు.. స్పెక్ షీట్‌లో పట్టని ఒక స్పేస్ స్టూడెంట్ కథ

స్పేస్ అనిమే అనగానే మనకి గుర్తొచ్చేవి ఏంటి? బిల్డింగ్ అంత రోబోలు, లేజర్ గన్‌లు, గ్రహాల మధ్య యుద్ధాలు. ఇవాళ మాట్లాడుకోబోయే సిరీస్‌లో అవేవీ లేవు. ఇందులో ఉన్న అతి పెద్ద టెక్నికల్ సమస్య ఏంటో తెలుసా? ఒక స్పేస్‌సూట్ సైజు.

అవును, నిజమే. హీరోయిన్ పొట్టిగా ఉంటుంది. స్కూల్ దగ్గర ఉన్న సూట్‌లు ఆమెకి సరిపోవు. ఆమె కోసం ప్రత్యేకంగా ఒకటి కుట్టించాలంటే ఖర్చు. ఇంత చిన్న విషయం చుట్టూ ఒక స్పేస్ కథ నడపొచ్చా అంటే, నడపొచ్చు. పైగా సిరీస్ వచ్చిన 16 ఏళ్లకి నాసాలో కూడా అచ్చం ఇలాంటిదే జరిగింది. అదేంటో కింద చెప్తాను.

సిరీస్ పేరు 'ట్విన్ స్పైకా'. జపనీస్‌లో 'ఫుతాత్సు నో స్పికా', అంటే 'రెండు స్పైకాలు'. మొదట ఒకసారి స్పెక్స్ చూసేద్దాం.

క్విక్ స్పెక్స్

- ఒరిజినల్: కో యాగినుమా మాంగా, 2001 నుంచి 2009 వరకు సీరియల్‌గా వచ్చింది, మొత్తం 16 సంపుటాలు
- అనిమే: 20 ఎపిసోడ్లు
- ప్రసారం: ఎన్‌హెచ్‌కే బీఎస్-2 ఛానల్, 2003 నవంబర్ 1 నుంచి 2004 మార్చి 27 వరకు
- స్టూడియో: గ్రూప్ టాక్
- డైరెక్టర్: తోమోమి మోచిజుకి (స్టూడియో జిబ్లీ టీవీ సినిమా 'ఓషన్ వేవ్స్' తీసింది ఈయనే)
- జానర్: స్పేస్, స్కూల్ లైఫ్, డ్రామా
- ఫైట్లు: సున్నా

కథ ఏంటి? (పెద్ద స్పాయిలర్లు లేవు)

కథలో 2010లో జపాన్ తన సొంత రాకెట్‌తో మొదటిసారి మనుషుల్ని అంతరిక్షంలోకి పంపడానికి సిద్ధమవుతుంది. ఆ రాకెట్ పేరు 'షిషిగో', అంటే 'సింహం'. లాంచ్ అయిన కొద్దిసేపటికే ఇంజన్‌లో మంటలు. రాకెట్ వెళ్లి యుయిగహమా అనే సముద్ర తీరపు ఊరి మీద పడుతుంది. రాకెట్‌లో ఉన్నవాళ్లే కాదు, కింద తమ పనుల్లో తాము ఉన్న మామూలు జనం కూడా చనిపోతారు.

అప్పటికి ఆసుమి కామొగావా ఇంకా పసిపిల్ల. ఆమె తల్లి ఆ ప్రమాదంలో తీవ్రంగా గాయపడి కోమాలోకి వెళ్తుంది. కొన్నేళ్లు అలాగే ఉండి చనిపోతుంది. ఆ తర్వాత ఆసుమికి ఒక స్నేహితుడు దొరుకుతాడు. సింహం మాస్క్ పెట్టుకుని, మౌత్ ఆర్గాన్ వాయిస్తూ తిరిగే 'లయన్ సాన్'. అతను ఎవరో కాదు, ఆ షిషిగోలో ఎక్కి చనిపోయిన వ్యోమగామి ఆత్మ. ఆసుమికి తప్ప ఎవరికీ కనిపించడు.

2024. ఆసుమి హైస్కూల్ వయసుకి వస్తుంది. టోక్యో స్పేస్ స్కూల్‌లో వ్యోమగాముల కోర్సు మొదలవుతోందని తెలిసి, నాన్నకి చెప్పకుండానే ఎంట్రన్స్‌కి అప్లై చేస్తుంది. ఆమె కోరిక ఒక్కటే: రాకెట్ డ్రైవర్ అవ్వాలి. వ్యోమగామి అని కూడా అనదు, 'రాకెట్ డ్రైవర్' అంటుంది. చిన్న పిల్లలు 'నేను బస్ డ్రైవర్ అవుతా' అన్నట్టు.

తల్లిని చంపింది రాకెట్. ఆమె ఎక్కాలనుకుంటున్నది కూడా రాకెట్. మొత్తం సిరీస్ ఈ ముడి మీదే నడుస్తుంది.

స్పైకా అంటే మన చిత్త నక్షత్రమే

పేరు గురించి ఒక్క మాట. స్పైకా అంటే కన్యారాశిలో అన్నిటికంటే ప్రకాశంగా కనిపించే నక్షత్రం. మన పంచాంగంలో దాన్నే 'చిత్త' అంటాం. పౌర్ణమి నాడు చంద్రుడు చిత్త దగ్గర ఉండే నెల కాబట్టి దానికి చైత్రం అని పేరు వచ్చింది. అంటే ఉగాదితో మొదలయ్యే నెల పేరు ఈ నక్షత్రం నుంచి వచ్చిందే.

సుమారు 250 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ చిత్త మన కంటికి ఒకటే చుక్కలా కనిపిస్తుంది. కానీ అవి రెండు నక్షత్రాలు. ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒకదాని చుట్టూ ఒకటి సుమారు నాలుగు రోజుల్లో తిరిగేస్తాయి. మామూలు టెలిస్కోప్‌తో చూసినా విడివిడిగా కనపడవు. వాటి కాంతిని వర్ణపటంగా విడదీసి చూస్తేనే రెండు ఉన్నాయని తెలుస్తుంది. బయటికి ఒక్కరిలా కనిపించే మనిషిలో ఇంకొకరు కలిసి ఉండటం, అదే ఈ టైటిల్ వెనకున్న లాజిక్. ఆసుమి ఒక్కతే స్కూల్‌కి వెళ్తుంది, కానీ ఆమెతో పాటు ఆ ప్రమాదంలో పోయినవాళ్లు కూడా వెళ్తారు.

సూట్ సైజు: చిన్న విషయంలా కనిపించే పెద్ద ఫిల్టర్

ఆసుమి ఎత్తు నూట నలభై సెంటీమీటర్ల పైచిలుకు. నూట యాభై కూడా లేదు. ఆమె మార్కుల మీద, ఫిట్‌నెస్ మీద పెద్దగా అభ్యంతరం రాదు. కానీ సూట్ దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మొదలవుతుంది. ఒక్క స్టూడెంట్ కోసం కొత్త సూట్ చేయించడం అవసరమా?

'సూట్ కొంచెం చిన్నగా కుట్టిస్తే అయిపోయేదానికి ఇంత గొడవేంటి' అనిపిస్తుంది కదా. కాదు. స్పేస్‌సూట్ బట్ట కాదు, మనిషి ఆకారంలో ఉన్న చిన్న స్పేస్‌క్రాఫ్ట్. బయట శూన్యం, లోపల భూమ్మీది గాలి పీడనంలో మూడో వంతుకి కాస్త తక్కువగా ఆక్సిజన్ నింపుతారు. అలా నింపగానే సూట్ గాలి కొట్టిన ట్యూబ్‌లా బిగుసుకుంటుంది. మోచెయ్యి వంచడం, వేళ్లు ముడవడం కూడా కష్టమైన పనే. అందుకే సూట్‌లోని కీలు మన ఒంట్లోని కీలు ఉన్నచోటే ఉండాలి. భుజాల వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లు తేడా వచ్చినా చేతులు ముందుకి సరిగ్గా చాచలేరు. గ్లవ్స్ వదులైతే పనిముట్టు పట్టు చిక్కదు. ఆరేడు గంటలు బయట పని చేసేవాళ్లకి అది ప్రాణాల మీదకి తెచ్చే సమస్య. కొత్త సైజు చేయడం అంటే దాన్ని మొదటి నుంచి టెస్ట్ చేయడం కూడా.

ఇప్పుడు నాసా విషయం. 2019 మార్చి 29న ఇద్దరు మహిళా వ్యోమగాములు ఆన్ మెక్‌క్లెయిన్, క్రిస్టీనా కోచ్ కలిసి స్పేస్‌వాక్ చేయాలి. అందరూ మహిళలే ఉన్న మొదటి స్పేస్‌వాక్ అని ముందే పెద్ద ప్రచారం జరిగింది. తీరా కొద్ది రోజుల ముందు ప్లాన్ మారింది. ఇద్దరికీ మీడియం సైజు పైభాగమే సరిపోతుంది, వాడటానికి రెడీగా ఉన్నది మాత్రం ఒక్కటే. రెండోది స్టేషన్‌లోనే ఉంది, కానీ దాన్ని సిద్ధం చేయడానికి గంటల కొద్దీ పని. దాంతో మెక్‌క్లెయిన్ బదులు నిక్ హేగ్ వెళ్లారు. చివరికి ఆ మొదటి మహిళల స్పేస్‌వాక్ 2019 అక్టోబర్ 18న క్రిస్టీనా కోచ్, జెస్సికా మేర్ చేశారు.

ఆ సూట్‌ల డిజైన్ 1970ల నాటిది. వ్యోమగాముల్లో అప్పుడు ఎవరు ఎక్కువ ఉండేవారో వాళ్ల ఒళ్లే అప్పటి 'డిఫాల్ట్'. తర్వాత ఖర్చు తగ్గించుకునే క్రమంలో చిన్న సైజుని పక్కన పెట్టేశారు. ఎవరినీ ఆపాలని ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. కానీ ఆ బడ్జెట్ నిర్ణయం ఎవరు బయటికి వెళ్లగలరో నిర్ణయించేసింది. ఫోన్ 6.7 అంగుళాలు దాటాక ఒంటిచేత్తో టైప్ చేయలేక తిట్టుకున్నవాళ్లకి ఈ పాయింట్ వెంటనే అర్థమవుతుంది. డిఫాల్ట్ సైజు ఎప్పుడూ ఎవరో ఒకరి చెయ్యి సైజే.

ఇంకో నిజమైన లెక్క చూడండి. జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా 2008లో వ్యోమగాముల కోసం ప్రకటన ఇచ్చినప్పుడు ఎత్తు 158 నుంచి 190 సెం.మీ. మధ్య ఉండాలన్నారు. తర్వాతి ప్రకటన 2021లో వచ్చింది. అందులో కింది పరిమితి 149.5 సెం.మీ.కి దిగింది. డిగ్రీ చదివి ఉండాలన్న షరతు కూడా తీసేశారు. 4,127 మంది అప్లై చేస్తే ఇద్దరు ఎంపికయ్యారు: మకోటో సువా, ఆయు యోనెడా. వాళ్లు ట్రైనింగ్ పూర్తి చేసుకుని అధికారికంగా వ్యోమగాములైంది 2024 అక్టోబర్‌లో. ఆసుమి స్కూల్లో చేరే సంవత్సరం కూడా 2024 అని గుర్తుంది కదా.

అంటే 13 ఏళ్లలో ఆ గీత ఎనిమిదిన్నర సెంటీమీటర్లు కిందికి జరిగింది. జపాన్ మనుషుల ఎత్తు తగ్గలేదు. ఎక్కబోయే వాహనాలు, సూట్‌లు, వాటి వెనకున్న ఆలోచన మారాయి. అయినా ఆసుమి ఆ గీతకి కిందే ఉంటుంది. అది వేరే సంగతి.

మన దగ్గర కూడా ఇలాంటి గీతలు తెలియనివాళ్లు లేరు. పోలీస్ సెలక్షన్స్‌లో అర సెంటీమీటర్ తక్కువై వెనక్కి వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్లకి కంటి చూపు వల్ల పైలట్‌గా నాసా దారి మూసుకుపోయింది. ఆమె ఇంజనీరింగ్ దారిలో వెళ్లి, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో అంతరిక్షం అంచుకి వెళ్లి వచ్చారు. గీత దగ్గర కథ అయిపోదు, కానీ గీత ఉన్నట్టే ఉంటుంది.

ఎంట్రన్స్ టెస్ట్: కోడింగ్ రౌండ్ కాదు, డామినో రౌండ్

నాకు బాగా నచ్చిన భాగం ఇది. స్పేస్ స్కూల్ ఎంట్రన్స్ అంటే ఫిజిక్స్ పేపర్ ఒకటే కాదు. ముగ్గురు ముగ్గురిని టీమ్‌గా వేసి, మూసిన గదిలో రోజుల తరబడి ఉంచుతారు. వాళ్లకి ఇచ్చే పని: డామినోలు పేర్చడం. అంతే. ఆసుమితో ఉండేది ఇద్దరు. వాగుడుకాయ కేయ్ ఓమి. ఎవరితోనూ కలవని మరిక ఉకిత.

డామినోలు పేర్చడం ఎవరికైనా వచ్చు. కష్టం ఎక్కడంటే, మూడో రోజు పక్కవాళ్ల చెయ్యి తగిలి మొత్తం పడిపోయినప్పుడు మీరు ఏమంటారు అన్నదగ్గర. పరీక్ష పెట్టేది ఆ మాటకి.

ఇదేదో సినిమాటిక్‌గా అల్లింది అనుకోకండి. జాక్సా 2008 ప్రకటన తర్వాత చివరి దశకి మిగిలిన పదిమందిని సుకుబా కేంద్రంలో ఒక మూసిన ఛాంబర్‌లో వారం రోజులు ఉంచారు. కెమెరాలు గమనిస్తూ ఉంటాయి. వాళ్లకి ఇచ్చిన పనుల్లో ఒకటి కాగితంతో కొంగలు చేయడం. ఒక్కొక్కరు వంద. మొదటి కొంగ మడతలు ఎంత నీట్‌గా ఉన్నాయి, చివరి కొంగ మడతలు ఎలా ఉన్నాయి అని పోల్చి చూస్తారు. విసుగొచ్చినప్పుడు చెయ్యి ఎక్కడ తొందరపడుతుందో ఆ కాగితమే చెప్పేస్తుంది. ఆ బ్యాచ్‌లోంచి వచ్చినవాళ్లే కిమియా యుయి, తకుయా ఓనిషి, నోరిషిగే కనాయ్. ముగ్గురూ తర్వాత స్పేస్ స్టేషన్‌లో నెలల తరబడి ఉన్నారు.

జాబ్ ఇంటర్వ్యూలకి వందల కోడింగ్ ప్రాబ్లమ్స్ ప్రాక్టీస్ చేసే మన బ్యాచ్‌కి ఈ ఎపిసోడ్లు కొంచెం గుచ్చుకుంటాయి. పని వచ్చా అని అడగడం తేలిక. పని పాడైన రోజు పక్కవాళ్లతో ఎలా ఉంటారు అని తెలుసుకోవాలంటే వాళ్లని ఒక గదిలో పెట్టి చూడాల్సిందే.

స్కూల్లో ఆసుమి చుట్టూ తయారయ్యే గ్రూప్ కూడా బాగుంటుంది. కేయ్, మరికతో పాటు షిన్నోసుకే ఫుచుయా ఉంటాడు. ఆసుమి ఊరివాడే, ఇంట్లో బాణసంచా వ్యాపారం. చిన్నప్పటి నుంచి తారాజువ్వలు చూసి పెరిగిన కుర్రాడు రాకెట్ స్కూల్లో చేరడం చిన్న జోక్‌లా ఉంటుంది కానీ సూత్రం ఒక్కటే కదా. ఐదో వాడు షు సుజుకి. అన్నిట్లో ఫస్ట్, ఎప్పుడూ తీరికగా కనిపిస్తాడు. అతని గురించి ఇంతకంటే చెప్తే స్పాయిలర్ అవుతుంది.

రాకెట్ పడిపోతే సారీ ఎవరు చెప్పాలి?

ఇక అసలు విషయానికి వద్దాం. ఆసుమి నాన్న తొమోరో ఆ షిషిగో ప్రాజెక్టులో పనిచేసిన ఇంజనీర్. ప్రమాదం తర్వాత ఆయనకి అప్పగించిన పని ఏంటంటే, చనిపోయినవాళ్ల కుటుంబాల దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పడం. ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు. అవతల ఆయన భార్య కోమాలో ఉంది. అంటే ఆయన బాధితుడు కూడా. అయినా తలుపు కొట్టి, వంగి దండం పెట్టి, అవతలివాళ్లు ఏమన్నా పడాల్సింది ఆయనే.

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోతే మనం 'పోస్ట్‌మార్టం' డాక్యుమెంట్ రాస్తాం. రూట్ కాజ్ ఏంటి, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అని. మంచి టీమ్‌లలో అందులో ఎవరి పేరూ రాయరు, తప్పు సిస్టమ్‌ది అంటాం. అది మంచి పద్ధతే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఈ సిరీస్ చూస్తుంటే ఆ డాక్యుమెంట్‌లో లేని ఒక కాలమ్ గుర్తొస్తుంది: నష్టపోయినవాళ్ల ఎదురుగా ఎవరు నిలబడ్డారు? సిస్టమ్‌కి కాళ్లు లేవు. అది ఎవరి గుమ్మం దగ్గరికీ వెళ్లి క్షమించమని అడగలేదు. ఎవరో ఒక మనిషి వెళ్లాలి. తొమోరో లాంటివాళ్లని పంపినవాళ్లు మాత్రం ఆఫీసులోనే ఉంటారు.

మన శ్రీహరికోటలో దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 ప్రయోగం ఫెయిలైంది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. కానీ ప్రెస్ ముందుకి వచ్చి బాధ్యత తీసుకున్నది ఇస్రో చైర్మన్ సతీష్ ధవన్. 1980 జులై 18న అదే రాకెట్ సక్సెస్ అయినప్పుడు మాట్లాడమని కలాంని ముందుకి పంపారు. ఈ కథ మనందరం చిన్నప్పటి నుంచి విన్నదే. తొమోరో కథ చూశాక ధవన్ చేసింది ఎంత అరుదైన పనో ఇంకా బాగా అర్థమవుతుంది.

స్కూల్లో సానో అనే టీచర్ ఉంటాడు. ఒకప్పుడు ఆయన కూడా షిషిగో టీమ్‌లోనే, తొమోరోతో పాటే పనిచేశాడు. ఆయనకి తొమోరో మీద పాత కోపం ఉంది. ఆసుమి ఎత్తు గురించి, సూట్ ఖర్చు గురించి ఎక్కువ మాట్లాడేది ఈయనే. ఇక్కడే సిరీస్ తెలివి కనపడుతుంది. బయటికి చెప్పే కారణం సెంటీమీటర్లు. లోపల ఉన్న కారణం ఆ ప్రమాదం. నంబర్ చూపిస్తే ఎవరూ వాదించరు కాబట్టి, చెప్పలేని కారణాలన్నీ నంబర్ వెనక దాక్కుంటాయి. స్పెక్ షీట్ అబద్ధం చెప్పదు. కానీ దాన్ని ఎవరు ఎప్పుడు తీసి చూపిస్తున్నారో గమనించాలి.

ఈ సిరీస్ వచ్చిన టైమ్ చూడండి

2003 అంతరిక్ష రంగానికి చాలా చేదు సంవత్సరం. ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ తిరిగి వస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో పాటు ఏడుగురూ చనిపోయారు. లాంచ్ అప్పుడు ఊడిపడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కని దెబ్బతీసింది. ఆ డ్యామేజ్‌ని ఫోటోలు తీసి చూద్దామని కొందరు ఇంజనీర్లు అడిగినా పైవాళ్లు ముందుకెళ్లలేదు. ఫోమ్ ఎంత కారణమో, నాసాలో పని జరిగే తీరు కూడా అంతే కారణమని ఆగస్టులో వచ్చిన దర్యాప్తు రిపోర్ట్ చెప్పింది. అదే ఆగస్టు 22న బ్రెజిల్‌లోని అల్కాంతరా కేంద్రంలో లాంచ్ ప్యాడ్ మీదే రాకెట్ పేలి 21 మంది పోయారు.

జపాన్‌లో మూడు సంస్థల్ని కలిపి 2003 అక్టోబర్ 1న జాక్సా మొదలుపెట్టారు. సరిగ్గా నెలకి ట్విన్ స్పైకా మొదటి ఎపిసోడ్ వచ్చింది. ఇంకో నెల తిరగక ముందే, నవంబర్ 29న, హెచ్-2ఏ రాకెట్ ఆరో ప్రయోగం ఫెయిలైంది. పక్కనున్న ఘన ఇంధన బూస్టర్‌లలో ఒకటి విడిపోలేదు. నాజిల్ దగ్గర లీకైన వేడి వాయువు, బూస్టర్‌ని విడగొట్టాల్సిన పేలుడు తాడుని ముందే కాల్చేసింది. బరువు వదలని రాకెట్ అనుకున్న వేగం అందుకోలేకపోయింది. భూమి నుంచి కమాండ్ పంపి దాన్ని పేల్చేశారు. టీవీలో పడిపోయిన రాకెట్ కథ నడుస్తుండగా బయట నిజంగానే ఒక రాకెట్ పోయింది.

సిరీస్ ఇంకా ప్రసారం అవుతుండగానే, 2004 ఫిబ్రవరి 23న, మన శ్రీహరికోటలో ఘన ఇంధనం తయారుచేసే ప్లాంట్‌లో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. రాకెట్ వార్తల్లో మనం లాంచ్ కౌంట్‌డౌన్ గుర్తుపెట్టుకుంటాం. ఆ ఆరుగురి గురించి మాట్లాడుకున్నది తక్కువ.

హెచ్-2ఏ తర్వాత ఏమైంది? 2005 ఫిబ్రవరి 26న ఏడో రాకెట్ ఎగిరింది, సక్సెస్. అక్కడి నుంచి 2025 జూన్ 29న రిటైరయ్యే దాకా ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదు. మొత్తం 50 ప్రయోగాలు, 49 విజయాలు. ఆ ఒక్క వైఫల్యం ఈ అనిమే నడుస్తున్న నెలల్లోనే జరిగింది. ఫెయిల్యూర్ తర్వాత 15 నెలలు కూర్చుని తాడు దగ్గర నుంచి నాజిల్ దాకా విప్పి చూసినవాళ్ల పేర్లు మనకి తెలియవు. ట్విన్ స్పైకా కథ నిజానికి వాళ్లదే.

2024: కథలో ఒకలా, నిజంలో ఇంకోలా

కథలో 2010లోనే జపాన్ సొంత రాకెట్‌లో మనుషుల్ని పంపింది. నిజంలో జపాన్ ఇప్పటిదాకా ఆ పని చేయలేదు. వాళ్ల వ్యోమగాములు అమెరికా షటిల్, రష్యా సోయుజ్, స్పేస్‌ఎక్స్ డ్రాగన్ ఎక్కే వెళ్లారు. హైస్కూల్ పిల్లల కోసం అంతరిక్ష స్కూల్ కూడా లేదు.

కానీ 2010 జూన్‌లో హయబుసా అనే చిన్న ప్రోబ్ గ్రహశకలం మట్టితో తిరిగొచ్చింది, దారిలో ఇంజన్లు చెడిపోయి, కాంటాక్ట్ పోయి, అయినా సరే. 2024 జనవరి 20న స్లిమ్ చంద్రుడి మీద దిగింది. తల కిందులుగా! సోలార్ ప్యానెల్ అటు తిరిగిపోయింది. కొన్ని రోజుల తర్వాత ఎండ పడ్డాక మళ్లీ లేచి ఫోటోలు పంపింది. అదే ఏడాది మార్చి 13న ఒక ప్రైవేట్ కంపెనీ తయారుచేసిన కైరోస్ రాకెట్ లేచిన ఐదు సెకన్లకే పేలిపోయింది. కథలోని 2024, నిజం 2024 టెక్నాలజీలో కలవలేదు. పడటం, లేవడం దగ్గర మాత్రం బాగా కలిశాయి.

మన గగన్‌యాన్ వ్యోమగాములు నలుగురి పేర్లు ప్రకటించింది కూడా 2024 ఫిబ్రవరి 27నే. నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లు. ఇది మొదటి బ్యాచ్‌కి సరైన ఎంపికే. తర్వాతి బ్యాచ్‌లలో డాక్టర్లు, సైంటిస్టులు, మనలాంటి ఇంజనీర్లు ఉండాలంటే ఎలాంటి గీతలు గీస్తారు, సూట్ ఏ సైజుల్లో చేస్తారు అన్నది ఇప్పటి నుంచే అడగాల్సిన ప్రశ్న.

యానిమేషన్, మ్యూజిక్ ఎలా ఉన్నాయి?

ఓపెన్‌గా చెప్పాలంటే, విజువల్స్ విషయంలో అంచనాలు తగ్గించుకోండి. 2003 టీవీ బడ్జెట్, ఇవాళ్టి 4కే స్క్రీన్ మీద చూస్తే పాతదనం తెలుస్తుంది. క్యారెక్టర్లు గుండ్రటి మొహాలతో చిన్న పిల్లల సీరియల్‌లా ఉంటాయి. విషయం మాత్రం పెద్దవాళ్లది. ఆ తేడాకి అలవాటు పడటానికి రెండు ఎపిసోడ్లు పడుతుంది. రంగులు నీళ్లలో కలిపినట్టు మెత్తగా ఉంటాయి. రాత్రి ఆకాశం, సముద్రం ఒడ్డు వచ్చిన ప్రతిసారీ బాగుంటాయి.

ఓపెనింగ్ పాట బజీ పాడిన 'వీనస్ సే'. ఎండింగ్‌లో 1963 నాటి పాత హిట్ 'మియాగెతె గోరన్ యోరు నో హోషి ఓ'ని బిగిన్ బ్యాండ్ పాడింది. పక్కకి నెట్టకుండా వినండి, ఎపిసోడ్ బరువుని కాస్త దించుతుంది.

ప్లస్‌లు

- అంతరిక్షాన్ని యుద్ధభూమిగా కాకుండా ఉద్యోగంలా చూపించడం
- ఎంట్రన్స్, ట్రైనింగ్ సీన్లలో నిజమైన పద్ధతులకి దగ్గరగా ఉండటం
- ప్రమాదం, బాధ్యత అనే విషయాల్ని తేల్చేయకుండా నిలబెట్టడం
- ఐదుగురు స్నేహితుల మధ్య కెమిస్ట్రీ

మైనస్‌లు

- చాలా నెమ్మదిగా సాగుతుంది, 1.5ఎక్స్ స్పీడ్‌లో చూడాలనిపించే చోట్లు ఉన్నాయి
- ఫ్లాష్‌బ్యాక్‌లు ఎక్కువ
- మాంగా ఇంకా నడుస్తుండగా తీసింది కాబట్టి 20 ఎపిసోడ్ల దగ్గర కథ పూర్తవ్వదు, రెండో సీజన్ రాలేదు
- లయన్ సాన్ ఆత్మ కాన్సెప్ట్ అందరికీ ఎక్కకపోవచ్చు

మూడో మైనస్‌కి మందు ఉంది. మాంగా మొత్తం ముగింపు దాకా వెళ్తుంది. ఇంగ్లీష్‌లో వర్టికల్ సంస్థ 2010 నుంచి 2012 మధ్య దాన్ని 12 పుస్తకాలుగా తెచ్చింది. అనిమే నచ్చితే పుస్తకాలు మొదటి నుంచి చదవండి, మధ్యలోంచి కాదు. అనిమేలో వదిలేసిన విషయాలు కొన్ని ముఖ్యమైనవి ఉన్నాయి.

ఎవరు చూడాలి?

యాక్షన్ కావాలంటే ఇది మీ సిరీస్ కాదు. రాకెట్ లాంచ్ లైవ్ పెట్టుకుని టెలిమెట్రీ గ్రాఫ్ చూసే టైప్ అయితే కచ్చితంగా చూడండి. ఏదో ఒక సెలక్షన్‌లో ఒక నంబర్ దగ్గర ఆగిపోయినవాళ్లు చూడండి. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లయితే తొమోరో ఎపిసోడ్లు అస్సలు మిస్ అవ్వొద్దు. మనకి నాలుగేళ్లలో డిజైన్ ఎలా చేయాలో చెప్తారు, అది పాడైతే ఎవరి గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుందో ఏ సబ్జెక్టులోనూ చెప్పరు.

మా వర్డిక్ట్: 4/5

ఆసుమి ఎత్తు ఆఖరి దాకా పెరగదు. కథ ఆమెని సాగదీసి గీతకి సరిపెట్టదు. ఆమెకి సరిపోయే సూట్ చేయాలా వద్దా అన్న ప్రశ్నని మాత్రం సూట్ చేసేవాళ్ల బల్ల మీదే ఉంచుతుంది. రివ్యూలు రాసే మేం ప్రతి ఫోన్‌కీ కొలతలు వేస్తాం, మార్కులు ఇస్తాం. మనుషులకి ఆ పని చేసేముందు ఈ 20 ఎపిసోడ్లు చూస్తే మంచిది.